మూడు మీటర్ల నీడ

నా ముక్కు విరిగింది జనవరి ఎనిమిదో తారీఖు, గురువారం పొద్దున్న. విరగ్గొట్టినవాడు నా భార్య అగాథాకి స్వయానా అన్న, మైన్‌రాడ్. ఒబర్‌టాన్ స్టేషను వెనక బీడులో అప్పుడే పదకొండో గడ నిలబెట్టి దాని కట్టుతీగ బిగిస్తున్నాను. రెండు చేతులూ తీగ మీద ఉన్నవాణ్ణి కొట్టడం ఏం మగతనమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. మంచు మీద రక్తం ధారగా పడింది. తీగ వదిలితే గడ వాడి నెత్తినే పడుతుంది కాబట్టి వదల్లేదు. వాడి ప్రాణం కాపాడుతూ వాడి చేత రెండో దెబ్బ కూడా తిన్నాను.

"పీకెయ్ వాటిని," అన్నాడు ఆయాసపడుతూ.

"పీకితే జైలు బావా. ఇరవై రోజులు ఎవడూ ముట్టుకోకూడదు. నీకు తెలీదా?"

"నా పెళ్లానికొచ్చే ఎండని ఇవి మింగేస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"నేను గడలు నిలబెట్టేవాణ్ణి. ఎండ సంగతి ప్లాను గీసిన ఆ అమ్మాయిని అడుగు."

"ఆ పిల్లనీ అడుగుతా, నిన్నూ అడుగుతా. చెల్లెలి మొగుడివని ఊరుకున్నాను గాలుస్, లేకపోతే ఆ సుత్తి ఈపాటికి నీ నోట్లో ఉండేది."

ఇదీ మావాడు ఊరుకోవడం అంటే.

మా దగ్గర ఏ ఇల్లయినా ముందు గాలిలో కట్టాలి. కట్టబోయేది ఎంత ఎత్తయితే అంత ఎత్తు గడలు, మూలకొకటి చొప్పున నిలబెట్టాలి. పైన కప్పు ఎటు వాలుతుందో చూపించే అడ్డచెక్క కొట్టాలి. అవి ఇరవై రోజులు నిలబడి ఉంటాయి. ఊరంతా వచ్చి చూస్తుంది, తిడుతుంది, నచ్చనివాళ్లు అభ్యంతరం రాసిస్తారు. ఈ లోయలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గడలు నిలబెట్టేది నేనే. గాలుస్ గడలో ఒక్క సెంటీమీటరు తేడా వచ్చిందని ఇంతవరకూ ఎవడూ అనలేదు. ఆ పొగరు నాకుంది, దాచుకోను.

ఈసారి పెట్టినవి మొత్తం ఇరవై రెండు గడలు. స్టేషను వెనక ఆ బీడులో రెండొందల నలభై కుటుంబాలకి ఇళ్లు, కింది అంతస్తుల్లో కొట్లు, మధ్యలో బడి. కార్లు బయటే ఆగిపోవాలి. రైలు దిగినవాడు ఐదు నిమిషాలు నడిస్తే ఇంట్లో ఉండాలి, దారిలోనే పాలూ రొట్టే కొనుక్కోవాలి, పిల్లని బడి నుంచి చెయ్యి పట్టుకుని తెచ్చుకోవాలి. గీసింది సెరైనా అనే అమ్మాయి. కొండల అవతలి నుంచి వచ్చి జిల్లా ప్రణాళికల ఆఫీసులో పనిచేస్తోంది. ముప్ఫై నాలుగేళ్లుంటాయి, కారు లేదు, ఎప్పుడూ రైల్లోనే వస్తుంది. అవతలి కొండ వాలంతా ఒంటి ఇళ్లతో నిండిపోవడం నేను కళ్లారా చూశాను. వాటి గడలన్నీ నా చేతివే. ఒక్కో ఇంటికి ఓ రోడ్డు, రెండు కార్లు, ఎకరం గడ్డి పోయాయి. జనం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఉండేదేదో రైలు పక్కన దగ్గర దగ్గరగా ఉంటే మిగతా పొలాలు బతుకుతాయి. ఆ అమ్మాయి మాట నాకు సబబుగానే తోచింది.

కానీ బీడుకి ఉత్తరాన మైన్‌రాడ్ ఇల్లుంది. ఇంటి దక్షిణపు గోడకి ఓ చెక్క బల్ల ఉంది. ఆ బల్ల మీద వాడి భార్య థెరేస్ కూర్చుంటుంది. థెరేస్‌ది కీళ్లు బిగుసుకుపోయే జబ్బు. చలికాలం వేళ్లు పిడికిళ్లలా ముడుచుకుపోతాయి. పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా ఆ గోడకి ఎండ తగులుతుంది. ఆ రెండు గంటల్లో వేళ్లు నెమ్మదిగా విచ్చుకుంటాయి. అప్పుడు కప్పు పట్టుకుంటుంది, ఉత్తరం రాస్తుంది, పిల్లి తల నిమురుతుంది. మిగతా ఇరవై రెండు గంటలూ ఎవరో ఒకరు అందించాలి. మైన్‌రాడ్ పోట్లాట అంతా ఆ రెండు గంటల కోసం. అది నాకూ తెలుసు. ముక్కు విరిగినవాడికి ఎదుటివాడి బాధ తెలిసినా ఒంటికి పట్టదు, అంతే.

తర్వాతి బుధవారం ఊరి హోటల్లో సమావేశం పెట్టారు. సెరైనా గోడకి పటం తగిలించి మాట్లాడుతుంటే నలభై మంది బీరు కప్పులు పట్టుకుని వింటున్నారు. నేను ముక్కు మీద కట్టుతో వెనక బల్ల దగ్గర కూర్చున్నాను.

"కోళ్లనైనా ఇంతకంటే విడివిడిగా పెడతాం మేడమ్," అన్నాడు మైన్‌రాడ్ లేచి. జనం నవ్వారు.

"మీ కోళ్లు రోజూ నలభై కిలోమీటర్లు కారులో పనికి వెళ్లవు కదండీ," అంది సెరైనా. ఇంకా గట్టిగా నవ్వారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎండ సంగతి చెప్పు. మా ఆవిడ ఎండ."

"థెరేస్ గారి బల్ల నా లెక్కలో ఉందండీ. డిసెంబరులో, జనవరి మొదట్లో కలిపి ఓ నాలుగు వారాలు పోతుంది, అది నేను దాచను. మిగతా ఏడాదంతా ఉంటుంది. దాని కోసమే ప్లాను మార్చాను."

"అబద్ధం! గడలు కనపడుతున్నాయి. నేను గుడ్డివాణ్ణా?"

"లెక్క చూపిస్తాను, రండి."

"నీ లెక్క నువ్వే పెట్టుకో!" అంటూ చేతిలో ఉన్న కప్పు విసిరాడు. పటానికేసి విసిరాననే తర్వాత ఒట్టు పెట్టుకున్నాడు. అది వెళ్లి సెరైనా నుదుటికి తగిలి పగిలింది. కనుబొమ్మ చీలి మొహం సగం ఎర్రగా అయిపోయింది. ఆ అమ్మాయి పడలేదు. పటం అంచు పట్టుకుని నిలబడింది.

నేను బల్ల మీద నుంచే దూకాను. ఎందుకు దూకానో నిజం చెప్పాలంటే సగం ఆ అమ్మాయి కోసం, సగం నా ముక్కు కోసం. వాడి కాలరు పట్టి గోడకేసి కొట్టాను. ఇద్దరం కింద పడ్డాం. కుర్చీలు విరిగాయి. వాడి పెదవి చీరేశాను. వాడు నా మొహం చేత్తో నొక్కిపట్టి, కట్టు కింద ముక్కు ఎక్కడ విరిగిందో వెతికి మరీ అక్కడ బొటనవేలు దిగ్గొట్టాడు. ఆ నొప్పికి నేను కేక పెడితే ఊరంతా విన్నది. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి, నలభై మంది ముందు పసిపిల్లాడిలా ఏడ్చాను. ముక్కు సంగతి మర్చిపోయేవాణ్ణేమో, ఆ ఏడుపు మర్చిపోలేదు.

మమ్మల్ని విడదీశాక సెరైనా నుదుటికి తువ్వాలు అదుముకుని, పోలీసులకి ఫిర్యాదు వద్దంది. "గొడవ కోర్టుకెక్కితే ఈ ఇరవై రోజులూ అక్కడే ఆగిపోతాయి. ఇవి పూర్తికానివ్వండి. నాకు కావలసింది అదే," అంది. మైన్‌రాడ్ తల వంచుకుని బయటికి పోయాడు. సిగ్గుపడ్డాడనుకుంటాను. కానీ మావాడి సిగ్గు ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది.

శనివారం వచ్చింది. ఊరి అగ్నిమాపక దళానికి నాయకుడు మైన్‌రాడే. సాధన పేరు చెప్పి నిచ్చెన బండి తెచ్చి, స్టేషనుకి దగ్గరగా ఉన్న రెండు గడల మధ్య, కొస నుంచి కిందికి, గడ్డి కుప్పల మీద కప్పే నల్ల పట్టా కట్టేశాడు. గడల్ని ముట్టుకోవడం నేరమే. కానీ సగం ఊరు అక్కడే నిలబడి చూస్తుంటే పంచాయతీ అధ్యక్షుడు ఆకాశంలో పిట్టల్ని లెక్కపెడుతున్నాడు. నేను కూడా అడ్డుపడలేదు. అంత పెద్ద పట్టా కడితే గాలికి తెరచాపలా లాగుతుందని, నా కట్టుతీగలు దాన్ని మోయడానికి కావని నాకు తెలుసు. చెప్పడం నా పని. చెప్పలేదు.

పదకొండున్నరకి పట్టా నీడ మంచు మీద పాకుతూ వచ్చి థెరేస్ కాళ్ల మీద, ఒళ్లో, మొహం మీద పడింది. బల్ల మొత్తం మునిగిపోయింది.

"చూశారా!" అని అరిచాడు మైన్‌రాడ్. "చూశారా ఈవిడ లెక్క!"

సెరైనా నుదుటిన కుట్లతో వచ్చింది. మనిషి తెల్లబోయింది. బల్ల దగ్గర నిలబడి సూర్యుణ్ణి చూసింది, గడల్ని చూసింది, చేతిలో కాగితం చూసింది. "ఇవాళ్టికి ఎండ రావాలి. పట్టా పైన అరచెయ్యి వెడల్పు వెలుతురు కనపడాలి. ఇలా ఉండడానికి వీల్లేదు," అంది.

"వీల్లేదట! ఎండనే అబద్ధాలకోరుని చేస్తోంది!"

"అమ్మాయీ," అంది థెరేస్ నెమ్మదిగా, "నువ్వు మంచిదానివే అనుకుంటాను. కానీ నాకు చలేస్తోంది."

సెరైనా నా దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లు ఉన్నాయి. "గాలుస్ గారూ, గడలు సరిగ్గానే ఉన్నాయా?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు, అమ్మాయీ," అన్నాను.

"క్షమించండి. అడగకూడదు. మంగళవారం కొలతలవాళ్లు వస్తారు, అన్నీ ఒకసారి చూపిస్తాను."

ఆ అమ్మాయి వెళ్లాక నా బండిలో కూర్చున్నాను. ముందు అద్దం కింద రెండు పెద్ద కవర్లు ఉన్నాయి. నవంబరులో వచ్చినది చింపి ఉంది. క్రిస్మస్ పండగకి ముందు వచ్చినది అంటించినట్టే ఉంది. ఈ ఆఫీసులవాళ్లు ఒకే ప్లాను మూడుసార్లు పంపుతారు. నాకు చదవడం రాదనుకుంటారు కాబోలు అని, రెండోది అలాగే పడేశాను. ఇప్పుడు చింపాను. స్టేషను వైపు వరసలో ఒక అంతస్తు తీసేసి ఉంది. మొదటి ప్లానులో ఇరవై రెండు మీటర్లున్న చోట ఇప్పుడు పంతొమ్మిది. పక్కన ఆ అమ్మాయి చేత్తో రాసిన చిన్న మాట ఉంది: ఉత్తరపు ఇంటి బల్ల కోసం.

నేను పెట్టిన గడలు మూడు మీటర్లు ఎక్కువ. మా ఊరు తన్నుకుంటున్నది ఎవరూ కట్టబోని అంతస్తు మీద.

బండి తలుపు తీసి ఇరవై అడుగులు వేసి చెప్పేస్తే అయిపోయేది. వాళ్లంతా అక్కడే ఉన్నారు. మైన్‌రాడ్ పట్టా కింద నిలబడి అందరికీ సారా కలిపిన కాఫీ పోస్తున్నాడు, గెలిచినవాడిలా. వాడి ముందుకెళ్లి, కట్టు కట్టిన మొహంతో, తప్పు నాది బావా అని ఎలా అనను? ఊరి ముందు నన్ను ఏడిపించినవాడికి నా ముప్ఫై ఒక్క ఏళ్లు తాంబూలంలో పెట్టి ఇవ్వనా? మంగళవారం ఎలాగూ తేలిపోతుంది, అప్పుడు చూసుకుందాం, ఈలోగా వీడు మూడు రోజులు కుళ్లి కుళ్లి ఏడవనీ అనుకున్నాను. అవును, సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను. అనుకుంటుంటే ఎంత హాయిగా ఉందో కూడా గుర్తుంది.

ఆదివారం అగాథా తన అన్న ఇంటికి సూపు పట్టుకెళ్లి వచ్చి, కోటు విప్పకుండానే వంటింట్లో నిలబడింది.

"వదిన చెంచా పట్టుకోలేకపోయింది. నేనే తినిపించాను. వేళ్లు అసలు విచ్చుకోలేదు."

"ఆ పట్టా తీసేస్తే విచ్చుకుంటాయి. మీ అన్నే కదా కట్టింది."

"తీయనంటున్నాడు. అందరూ చూడాలట. ఏమయ్యా, నువ్వు వెళ్లి ఒక్క మాట చెప్పరాదూ? గడలు నీవే కదా."

"నా ముక్కు చూశావా?"

"చూశాను. రోజూ చూస్తున్నాను. దాని గురించి తప్ప నీకు ఇంకో ధ్యాస లేదు."

నేను రొట్టె నములుతూ ఉండిపోయాను. ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది.

సోమవారం రాత్రి దక్షిణపు గాలి మొదలైంది. మా లోయలో ఆ గాలి వస్తే మంచు ఒక్క పూటలో కరుగుతుంది, మనుషులకి తలనొప్పులొస్తాయి, పశువులు కుదురుగా ఉండవు. మంగళవారం పొద్దున్నకి పట్టా తుపాకి పేలినట్టు కొట్టుకుంటోంది. నేను పదకొండు దాటాక బండి వేసుకుని స్టేషనుకి వెళ్లాను. మైన్‌రాడ్‌కి చెబుదామని కాదు. కొలతలవాళ్లు ఏం కనిపెట్టారో దూరం నుంచి చూద్దామని. వాళ్లు పొద్దున్నే వచ్చి స్టేషను కప్పు మీద నుంచి కొలుచుకుని వెళ్లిపోయారని టికెట్ల గదిలో అతను చెప్పాడు.

అప్పుడే ఆవు అరుపు వినిపించింది. మైన్‌రాడ్ దొడ్లో తిరగడానికి వదిలిన ఆవుల్లో ఒకటి పట్టా చప్పుడికి బెదిరి, కంచె విరుచుకుని బీడులోకి పరిగెత్తింది. అది ఫ్లోరా, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు. నేరుగా వచ్చి నా కట్టుతీగలో ముందు కాళ్లు ఇరికించుకుని పల్టీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు రైలు పట్టాల అవతలికి వినపడింది. లేవబోయి మళ్లీ మళ్లీ పడుతోంది. విరిగిన కాలు తోలుతో వేలాడుతోంది. మైన్‌రాడ్ తుపాకి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి ఏదో చెప్పాడు. తర్వాత చెవి దగ్గర పెట్టి కాల్చాడు. దూడ కడుపులో ఇంకా కదులుతూనే ఉంది. అది ఆగేదాకా అక్కడే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

వాడు లేచాడు. తుపాకి అక్కడే పడేసి దొడ్లోకి వెళ్లి చెట్లు కోసే రంపం మిషనుతో వచ్చాడు. నెత్తిన టోపీ, చెవులకి చప్పుడు వినపడకుండా పెట్టుకునే డిప్పలు. మిషను స్టార్టు చేసి నేరుగా పట్టా కట్టిన గడ దగ్గరికి నడిచాడు.

గాలికి ఉబ్బిన పట్టా ఆ గడని విల్లులా వంచేసింది. కట్టుతీగ ఇంక సాగలేనంత బిగిసింది. ఆ స్థితిలో గడ కోస్తే బరువంతా తీగ మీద పడుతుంది, నేలలో దిగ్గొట్టిన మేకుతో సహా అది పెల్లగిలి వస్తుంది. ఇది ఈ లోయలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"బావా! ఆగు! తీగ! తీగ చూసుకో!" అని అరుస్తూ రైలు పట్టాల మీదుగా పరిగెత్తాను.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలకి వచ్చే రైలు అప్పుడే ఆగింది. సెరైనా దిగింది. చేతిలో కాగితం ఊపుతూ నాకంటే ముందు బీడులోకి పరిగెత్తింది. "మైన్‌రాడ్ గారూ! గడలు తప్పండీ! మూడు మీటర్లు ఎక్కువున్నాయి! మీ ఎండ ఎక్కడికీ పోదు! ఆపండి, మీ ఎండ పోదు!"

వాడికి ఏమీ వినపడలేదు. రంపం సగం దిగింది. సగం దిగాక గడ తనంతట తనే విరిగింది, ఫిరంగి పేలినట్టు. పట్టా ఒక్కసారి ఎగిరింది. మేకు నేలలోంచి పెల్లగిలి తీగ చివరన తిరుగుతూ వచ్చి మైన్‌రాడ్ మెడ మీద పడింది.

టోపీ ఎగిరిపోయింది. వాడు రెండు అడుగులు వెనక్కి వేసి ఆవు పక్కన కూలబడ్డాడు. మెడ పక్క నుంచి రక్తం చిమ్ముతోంది. సెరైనా వాడి మీద పడి, రెండు చేతులూ గాయంలోకి అదిమిపెట్టి, అదే మాట చెబుతోంది: "పోదండీ, మీ ఎండ పోదు." వాడి కళ్లు ఆ అమ్మాయి మొహం మీదే ఉన్నాయి. విన్నాడో లేదో నాకు తెలియదు. రోజూ ఇదే అడుగుతాను నన్ను నేను, విన్నాడా అని. నేను చేరేసరికి చిమ్మడం ఆగిపోయింది.

గోడ దగ్గర బల్ల మీద థెరేస్ కూర్చునే ఉంది. అంతా చూసింది. లేవడానికి ఎవరూ సాయం లేక అక్కడే కూర్చుని, నోరు తెరిచి, గొంతు రాకుండా అరుస్తోంది.

సెరైనా మోచేతుల దాకా రక్తంతో నా వైపు తిరిగింది. "మూడు మీటర్లు! మూడు మీటర్లు ఎక్కువ పెట్టారు గాలుస్ గారూ!"

"తెలుసు," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. నోట్లోంచి జారిపోయింది. నా వెనక అగాథా ఉంది. అన్న ఇంటి వంటింట్లో పని చేస్తూ కేక విని పరిగెత్తుకొచ్చింది. చేతులకి ఇంకా పిండి ఉంది.

"ఏం తెలుసు?" అంది.

నా చెయ్యి ఆ కాగితం ఉన్న జేబు మీదికి వెళ్లింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"శనివారం నుంచి."

అగాథా ముప్ఫై మూడేళ్ల కాపురంలో నా మీద చెయ్యి ఎత్తిన మనిషి కాదు. వంగి, నా నడుముకి వేలాడే మేకుల సుత్తి లాగి, రెండు చేతులతో ఎత్తి కొట్టింది. తలకే గురిపెట్టింది. నేను పక్కకి జరిగానో, ఆమె గురే తప్పిందో, భుజం మీద పడింది. భుజానికీ మెడకీ మధ్య ఉండే ఎముక రెండు ముక్కలైంది. మళ్లీ ఎత్తింది. సెరైనా లేచి ఆమెని వాటేసుకోకపోతే రెండోది తప్పేది కాదు. నేనైతే చెయ్యి అడ్డం పెట్టలేదు.

పోలీసులకి అంతా చెప్పాను. కవరు ఇచ్చాను. గడలు నిలబెట్టే అనుమతి రద్దు చేశారు, కేసు వసంతంలో వస్తుందన్నారు. అగాథా తన బట్టలు తీసుకుని థెరేస్ దగ్గరికి వెళ్లిపోయింది. మైన్‌రాడ్‌ని పూడ్చేటప్పుడు నన్ను చర్చి గేటు దాటనివ్వలేదు. సెరైనా వెళ్తే ఒకరిద్దరు ఆ అమ్మాయి కాళ్ల ముందు ఉమ్మారట. అయినా సమాధి మూసేదాకా నిలబడి, మళ్లీ రైలెక్కి వెళ్లిందట. ఆ అమ్మాయి చేసిన తప్పు ఏమీ లేదు. ఈ ఊళ్లో ఆ మాట పైకి చెప్పినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు, నేను తప్ప. నా మాట ఇప్పుడెవడు వింటాడు?

తప్పు కొలతలతో పెట్టినవి చెల్లవు కాబట్టి గడలు మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది, మళ్లీ మొదటి నుంచి ఇరవై రోజులు. పక్క లోయ నుంచి ఎవరినో పిలిచారు. తర్వాతి వారం గురువారానికి పూర్తిచేశాడు. పంతొమ్మిది మీటర్లు, చక్కగా పెట్టాడు.

ఆ సాయంత్రం థెరేస్ కబురు పంపింది. శుక్రవారం పొద్దున్న భుజానికి కట్టుతో వెళ్లాను. అగాథా తలుపు తీసి, నా మొహం చూడకుండా పక్కకి తప్పుకుంది. థెరేస్ పడక పక్కన కుర్చీలో ఉంది. చేతులు ఒళ్లో రెండు రాళ్లలా ఉన్నాయి.

"అక్కా," అన్నాను.

"నన్ను అక్కా అనకు." గొంతులో కోపం కూడా లేదు. "పదకొండవుతోంది. మైన్‌రాడ్ రోజూ ఈ వేళకి నన్ను ఎత్తుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టేవాడు. ఒంటిగంటకి మళ్లీ ఎత్తుకొచ్చేవాడు. నువ్వు చెయ్యి."

"నా ఎముక విరిగింది. అగాథా అయితే..."

"అగాథా ఎత్తలేక కాదు. నువ్వు చెయ్యాలి. రోజూ రావాలి."

ఎత్తాను. ఆవిడ పెద్ద బరువేం కాదు. అయినా గడప దాటేసరికి భుజంలో విరిగిన ముక్కలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడం నాకు తెలిసింది, ఆవిడకీ తెలిసింది. నేను పళ్లు కొరుక్కోవడం వింటూ కూడా ఆవిడ నా మెడ చుట్టూ ఉన్న ఆ బిగిసిన చేతిని తీయలేదు. బల్ల మీద దింపాను. పదకొండు దాటి పది నిమిషాలకి ఎండ వచ్చింది. పాదాల మీద, ఒళ్లో, మొహం మీద, బల్ల అంతా. గడల పైన అరచెయ్యి వెడల్పు వెలుతురు, ఆ అమ్మాయి చెప్పినట్టే. నన్ను వెళ్లమనలేదు, కూర్చోమనలేదు. నిలబడ్డాను. పన్నెండున్నరకి ఆవిడ వేళ్లు విచ్చుకున్నాయి. కప్పు తనే అందుకుని తాగింది. తాగినంతసేపూ నన్నే చూసింది.

ఒంటిగంటకి లోపలికి ఎత్తుకొచ్చాను.

ఇవాళ పదకొండో రోజు. ఎముక అతకడం లేదని, తను చెప్పిన మాట నేను వినడం లేదని డాక్టరు తిడుతున్నాడు. గడలకి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. ఆ తర్వాత కూడా రావాలా అని నేను ఆవిడని అడగలేదు.